మా మరిది పెంచిన మలుగు పాము

కూర్చో బిడ్డా. తలుపుకు ఆనుకుని కాదు, ఇటు వచ్చి చాప మీద కూర్చో. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకో. ఫోను బోర్లా పెట్టు, మధ్యలో మోగినా ఎత్తొద్దు. సరిగ్గా విను. ఏ మాటైనా పదిసార్లు చెప్పే మనిషినే నేను, మీ అమ్మ అందుకే విసుక్కుంటుంది. ఇది మాత్రం రెండోసారి చెప్పలేను.

నా మాటలు నువ్వు ఎట్లాగూ పుస్తకం తెలుగులోకి మార్చి రాస్తావు. మార్చుకో, నాకేం పట్టింపు లేదు. మీ చిన్నతాత మాటలు మాత్రం ముట్టుకోకు, ఆయన నోట్లోంచి ఎట్లా వచ్చాయో అట్లాగే ఉండనియ్యి. పేరు రాయకు. ఎప్పుడు పుట్టాడు, ఎంతదాకా చదివాడు, పెళ్ళెందుకు చేసుకోలేదు, అవి అడగకు. పెళ్ళి సంగతి నాకూ తెలియదు. అడిగితే, "బోరు బండి ఎనక పెండ్లాం యాడ తిరుగుతది వదినె" అని నవ్వేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

నిన్న నువ్వు కండ్లకోయ నుంచి కాలేజీ బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫోనులో ఏదో చూపించావు. ఎవరిదో ఇల్లు, అద్దాల తొట్టి, సముద్రపు చేపలు, గొట్టంలోంచి తల బయటపెట్టిన మలుగు పాము. "అవ్వా, చిన్నతాత గుర్తొచ్చిండా?" అన్నావు. నేను పప్పులో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. ఆ పప్పులో రాళ్ళు లేవు బిడ్డా. ఎందుకు తల ఎత్తలేదో అదే ఇప్పుడు చెప్తాను.

ఆయన మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. ఈ ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవాడు. పని బోర్లు వేయించడం. బండి రాకముందే పోయి, వేప పుల్ల రెండు చేతులతో పట్టుకుని పొలమంతా నడిచి, నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పేవాడు. నీళ్ళు పడ్డాక వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఎడమ కన్ను మూసేవాడు. ఆ కన్ను తెరిచేదాకా పక్కనున్న రైతు ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. ఇంట్లో నా పప్పుచారుకు కూడా అదే మర్యాద. వేలు, నాలుక, ఎడమ కన్ను. "ఉప్పు రవ్వంత తక్కువున్నది వదినె." నేను గరిటె ఎత్తేదాన్ని. నిజంగానే తక్కువ ఉండేది, అదే నాకు మంట.

ఇంకో అలవాటు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు బయటి నుంచి రాగానే నిన్ను పిలిచి, వేలి వెనక భాగంతో నీ పొట్ట మీద తట్టేవాడు. పండిందో లేదో పుచ్చకాయను చూసినట్టు. "ఈ పిల్ల తినలే, పెట్టుర్రి" అనేవాడు. పెళ్ళిళ్ళలో వడ్డించేటప్పుడు సర్పంచి కూర్చున్న వరుస వదిలేసి, బ్యాండు వాళ్ళకు ముందు పెట్టేవాడు. మీ తాత కసురుకుంటే, "మొఖం కాదన్నా, కడుపు సూడాలె" అనేవాడు.

ఇగ ఆ తొట్టి ఎట్లా వచ్చిందో విను. శామీర్‌పేట దగ్గర ఒక విల్లాలో బోరు ఎండిపోతే చూడ్డానికి పోయాడు. ఆ ఇంటాయన వేరే రాష్ట్రానికి పోతున్నాడు, సామాన్లు కడుతున్నారు. హాల్లో అయిదడుగుల అద్దాల తొట్టి, అందులో చేపలు. "ఇవ్విట్ని ఏం జేస్తరు సారూ" అని అడిగితే, "చెరువులో వదిలేయిస్తా" అన్నాడట. సముద్రపు చేపలు బిడ్డా అవి. మన చెరువు నీళ్ళలో వేస్తే ఒక పూట కూడా బతకవు. మా మరిది తన కూలి వద్దని చెప్పి, ఆ తొట్టి అడిగి తెచ్చుకున్నాడు. డీసీఎం బండిలో తొట్టి, రంగు డబ్బాల్లో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో చేపలు. నలుగురు మనుషులు మేడ మెట్లెక్కించేసరికి వీధి వీధంతా మన గేటు ముందే.

నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్నవి రెండు. రూపాయి బిళ్ళంత నీలం చేపలు మూడు. రావి ఆకంత పసుపు పచ్చది ఒకటి. ఇవి ఆరు. ఏడోది మలుగు, పేరుకు పామే గానీ అదీ చేపే. మన చెరువుల్లో దొరికే నల్ల మలుగు కాదు. మూరన్నర పొడుగు, తెల్లటి ఒళ్ళు, దాని మీద సిరా విదిలించినట్టు నల్ల మచ్చలు, మధ్య మధ్య పసుపు చుక్కలు. బోరుకు వేసే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి కోసి తొట్టిలో పెడితే అందులో దూరి, తల ఒక్కటే బయట పెట్టేది. నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది, మూస్తుంది. అది ఊపిరి తీసుకోవడమట. చూసేవాళ్ళకు మాత్రం పంచాయితీలో ఏదో తీర్పు చెప్పబోతున్నట్టే ఉండేది. మా మరిది దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. నేను ఏదైనా గట్టిగా మాట్లాడుతుంటే, "ఆగు వదినె, పెద్దమనిషి ఏమో చెప్పబోతున్నడు" అనేవాడు.

ఆ తొట్టి పని అంతా ఇంతా కాదు. మంచినీళ్ళ ప్లాంటు నుంచి క్యాన్లు తేవాలి. అందులో సముద్రపు ఉప్పు కలిపి ఒక రోజంతా మోటారుతో తిప్పాలి. ఉప్పు ఎంతుందో చూసే గాజు గొట్టం ఒకటి ఉండేది, అది చూశాక కూడా వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. "థూ, చేపలు ఉచ్చపోసిన నీళ్ళయ్యా అవి" అని నేనంటే, "సముద్రం గూడ అదే గద వదినె" అనేవాడు. ఎండాకాలం సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తొట్టిలో తేలేసేవాడు. కరెంటు పోతే స్టూలు మీద కూర్చుని చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండేవాడు, గాలి అందాలని. రెండు గంటలు పోతే రెండు గంటలూ అట్లాగే. అన్నం అక్కడికే తీసుకుపొమ్మనేవాడు.

ఆ విల్లాలో తొట్టి కడగడానికి వచ్చే మనిషి ఒకాయన మొదట్లో వచ్చి పని నేర్పించి పోయాడు. పోతూ పోతూ చెప్పాడు, మలుగును అమ్మెయ్యండి, చిన్న చేపలతో దాన్ని ఉంచకూడదు, ఏదో ఒక రోజు మింగేస్తుంది అని. మా మరిది తల అడ్డంగా ఊపాడు. "దానికి ఆకలైతేనే గద మింగేది. ఆకలి గాకుండ సూసుకుంట."

అట్లాగే చూసుకున్నాడు. రోజు విడిచి రోజు మేత. రొయ్యలు మేడ్చల్ మార్కెట్లో కొని, ఒలిచి, పొట్లాలు కట్టి మన ఫ్రిజ్‌లోనే గడ్డకట్టించేవాడు. దానికి చూపు సరిగ్గా ఆనదు, వాసనతోనే బతుకుతుంది. పొడుగాటి చిమటాతో రొయ్యను పట్టుకుని గొట్టం దగ్గరికి మెల్లగా తీసుకుపోయి ఆగేవాడు. తొందరపడేవాడు కాదు. "మొదలు వాసన పంపాలె, ఎనక తిండి." అది మెడ సాచి అందుకున్నాక, దాని పొట్ట గుండ్రంగా అయ్యేదాకా పెట్టి, అప్పుడు చిన్న చేపలకు గింజల మేత చల్లేవాడు. ఆకలి ఎక్కువున్నవాడికి ముందు. ఇంట్లో ఏ రూలో తొట్టిలోనూ అదే రూలు. అట్లా మూడేళ్ళు ఏడూ కలిసి బతికాయి బిడ్డా. నారింజ చేపలు పెద్దమనిషి ముక్కు ముందు నుంచే తిరిగేవి. నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు నేను చెప్పబోయేది గట్టిగా పట్టుకో, దీని మీదే అంతా ఉంది. అప్పుడు మన వైపు భూములన్నీ ప్లాట్లయిపోతున్నాయి. మీ తాత పోయాక మిగిలిన ఎకరన్నర మీ నాయిన, మీ చిన్నతాత ఇద్దరి పేరు మీదా ఉంది. హోటల్లో చాయ్ తాగేవాళ్ళకు ఇంకేం పని. "పెండ్లాం పిల్లలు లేనోనివి. అన్న కొడుకు ఏదో ఒకనాడు నీ వాటా మింగుతడు సూడు" అని రోజూ ఆయన చెవిలో పోసేవాళ్ళు. మా మరిది కోపం తెచ్చుకునేవాడు కాదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ మాట అన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని మన ఇంటికి తీసుకొచ్చి, మేడ ఎక్కించి, తొట్టి ముందు నిలబెట్టేవాడు.

"సూడు. ఆ పాముకు నోట్లె పండ్లున్నయ్. ఈ పిల్ల చేపకు ముల్లు గూడ లేదు. మూడేండ్ల సంది ఒక్క నీళ్ళల్ల ఉంటున్నయ్. కడుపు నిండినోడు పక్కోన్ని తినడు. నా అన్న కొడుకు కడుపు నిండే ఉన్నది. ఇగ పో."

ఎంతమందిని అట్లా మేడ ఎక్కించాడో నేను లెక్క పెట్టలేదు. నేను వంటింట్లోంచి వినేదాన్ని. నా కొడుకు మీద ఆయనకున్న నమ్మకం ఆ తొట్టిలో ఈదుతూ ఉండేది. ఆయనకు ఆ చేపలు సరదా కాదు.

నువ్వు ఇంటర్ మొదటి ఏడులో ఉన్నప్పుడు నీకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి, డాక్టర్లు మా ముఖం చూడకుండా మాట్లాడేవాళ్ళు. మీ నాయిన ఆసుపత్రి మెట్ల మీదే మొక్కుకున్నాడు, పిల్ల లేచి తిరిగితే మాల వేసుకుని కొండకు వస్తానని. నువ్వు లేచావు. వాడు మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు. మీ అమ్మ, నేను కలిసి ఇల్లంతా పసుపు నీళ్ళతో కడిగాము. ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగాము. "ఇంట్ల నీసు వాసన గూడ రావద్దమ్మా, పిల్ల పానం మీది మొక్కు" అన్నాడు మీ నాయిన. రొయ్యల పొట్లాలు నేనే తీసి పక్కింటికి ఇచ్చేశాను.

మా మరిది రోజు విడిచి రోజు మార్కెట్‌కు పోయి రెండు రొయ్యలు కొనుక్కుని, వెనక మెట్ల మీద నుంచి ఎక్కి, మేత వేసి, బయటి నల్లా దగ్గర చేతులు కడుక్కుని, స్నానం చేసి కానీ కిందికి వచ్చేవాడు కాదు. అట్లా రెండు వారాల పైన. తర్వాత ఉప్పునీళ్ళ బకెట్ ఎత్తబోయి కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పేట్ బషీరాబాద్ అవతల ఆసుపత్రిలో ఆపరేషన్, ఇరవై నాలుగు రోజులు మంచం.

స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే నొప్పికి పెదవి కొరుక్కుంటున్నాడు. ఆ పెదవి వదిలి నన్ను పిలిచాడు.

"వదినె, పెద్దమనిషికి ఎట్ల?"

"నేను వేస్తాలే."

"ఇంట్ల మాలున్నది గదా. పిల్ల మొక్కు."

"బయటి నుంచి తెచ్చి వేస్తా, వెనక మెట్ల మీద నుంచి పోతా. నువ్వు ఎట్లా చేశావో అట్లాగే చేస్తా."

"పాపం తాకితె నాకు తాకాలె, నీకు గాదు" అన్నాడు. అంబులెన్సు తలుపు మూశారు.

నేను వేద్దామనే అనుకున్నాను బిడ్డా. అది రాయి. మొదటి రోజే మార్కెట్‌కు పోయాను. రెండు రొయ్యలు కవర్లో కట్టించి, ఆ కవరు కొంగు కింద పెట్టుకుని వచ్చాను. గేటు తీసేసరికి వాకిట్లో పది మంది స్వాములు, గురుస్వామి, భజన. ఆ రోజు మనింట్లో పూజ అని మీ నాయిన పొద్దున చెప్పిన మాట నేను మరిచిపోయాను. గురుస్వామి నన్ను చూసి, "స్వామి శరణం, అమ్మా, లోపలికి రండి" అన్నాడు. నువ్వు గుమ్మంలో కూర్చుని ఉన్నావు. జ్వరం తగ్గి ఇంకా ఒంటికి రక్తం పట్టలేదు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. నాకు కొంగు కింద ఆ కవరు నిప్పులా తగిలింది. వెనక్కి తిరిగి, మురుగు మోరీలో పడేసి, చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి హారతి అద్దుకున్నాను.

ఆ తర్వాత మార్కెట్ వైపు పోలేదు. పోలేకపోయాను. పోదామనుకున్న ప్రతిసారీ నీ చేతులు కనిపించేవి. నీ మీద నెపం పెడుతున్నానని అనుకోకు. భయం నాది.

మేడ మీదికి మాత్రం రోజూ పోయేదాన్ని. చిన్న చేపలకు గింజలు చల్లేదాన్ని, అవి తినేవి. చిమటాకు పన్నీరు ముక్క పెట్టి పెద్దమనిషి ముందు పట్టుకున్నాను. వాసన చూసింది, తల వెనక్కి తీసుకుంది. ఉడికించిన సెనగలు పెట్టాను. నవ్వకు. ప్రసాదం అరటిపండు కూడా పెట్టాను. ఒకటిన్నర మూర సముద్రపు పాముకు అరటిపండు. నేను ఎంత తెలివిలేనిదాన్నో చూడు, అది తింటుందేమోనని అరగంట నిలబడ్డాను.

పది రోజులు దాటాక నీలం చేప ఒకటి కనిపించలేదు. రాళ్ళ వెనక ఉందేమో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత రెండోది లేదు. తర్వాత నారింజ జంటలో ఒకటి పోయింది. మిగిలిన నారింజ చేప తొట్టి పై మూలలో, నీళ్ళు పడే గొట్టం కింద అతుక్కుపోయి ఉండేది, కిందికి దిగేది కాదు. నేను గింజలు వేసినా దిగలేదు. దాని వైపు చూడలేక కళ్ళు మూసుకుని మేత చల్లి వచ్చేదాన్ని. తర్వాత మూడో నీలం చేప, ఆ నారింజది కూడా కనిపించలేదు. చివరికి పసుపు చేప ఒక్కటే శవమై తేలింది, సగం తోక లేదు. దాన్ని తీసి కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాను.

మరి ఆసుపత్రికి పోయినప్పుడల్లా ఏం చెప్పావవ్వా అని అడుగు. అడగవేం? మూడు రోజులకొకసారి అన్నం డబ్బా పట్టుకుని పోయేదాన్ని. నన్ను చూడగానే లేవబోయేవాడు.

"ఏసినవా వదినె?"

"వేశా."

"తిన్నదా?"

"తిన్నది."

"పొట్ట గుండ్రంగున్నదా?"

"ఉన్నది."

"పిల్ల చేపలు?"

"బాగున్నయ్, నువ్వు పడుకో."

అప్పుడు ఆయన కళ్ళు మూసుకునేవాడు. నర్సులు మందు ఇచ్చినా రాని నిద్ర నా అబద్ధానికి వచ్చేది. కాలు బాగయ్యాక చెప్దాం అనుకున్నాను. ముందు ఇంటికి రానీ, అప్పుడు చెప్దాం అనుకున్నాను.

ఆయన ఇంటికి వచ్చేనాటికి మీ నాయిన ఇరుముడి కట్టుకుని కొండకు పోయాడు. మీ అమ్మ నిన్ను చెకప్‌కు తీసుకుపోయింది. ఆటో అతను, పక్కింటాయన కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి ఎత్తి పోయారు. మేమిద్దరమే మిగిలాం. మెట్లెక్కుతున్నప్పుడే చెప్దామనుకున్నాను, కుర్చీ గోడకు తగలకుండా చూడమని మోసేవాళ్ళకు చెప్పాను. ఆయన తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. చూశాడు. తొట్టిలో పెద్దమనిషి ఒక్కటే మిగిలింది. తర్వాత చెయ్యి చాచి నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఎడమ కన్ను మూశాడు.

"ఉప్పు సరిగ్గున్నది" అన్నాడు. నీళ్ళు చెడిపోయి చచ్చాయేమోనని ఆయన ఆశ బిడ్డా. అది కూడా పోయింది.

"వదినె, నిజం చెప్పు. మేత మానిపిచ్చినవా? నేనేమన. మానిపిచ్చినవా?"

అంత సులువుగా అడిగాడు. ఒక్క మాట చాలు. అవును అంటే అయిపోయేది. ఇరవై నాలుగు రోజులు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆయన కళ్ళలోకి చూసి చెప్పిన మాటలన్నీ నాకు అడ్డం వచ్చాయి.

"వేశాను. రోజు విడిచి రోజు వేశాను" అన్నాను.

"నిండ పెట్టినవా?"

"నిండా పెట్టాను."

ఆయన నా మీద అనుమానపడి ఉంటే బాగుండేది. పడలేదు. నన్ను చూడనే లేదు. పామును చూస్తూ, "అయితె కడుపు నిండినా తింటది" అన్నాడు. తడి వేలు తుడుచుకుని, "నేను అందరికి ఉత్తదే చెప్పిన" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి ఎవరినీ మేడ ఎక్కించలేదు. మీ నాయిన కొండ నుంచి వచ్చి ప్రసాదం ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. కానీ మీ నాయిన గది దాటి పోయాక, తలుపు గొళ్ళెం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆ తలుపుకు గొళ్ళెం ఉందని కూడా మాకు తెలియదు. కిందికి వచ్చి తినడం మానేశాడు. మీ నాయిన మామూలుగానే, "చిన్నాయినా, భూమి కాగితాలు ఒక్కసారి సూద్దామా" అని ఏదో పన్ను కట్టడానికి అడిగాడు. ఆయన నవ్వి, "సూస్తవ్ బిడ్డా, సూస్తవ్" అన్నాడు. ఆ నవ్వు నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

ఉగాది కూడా రాకముందే, శామీర్‌పేటలో జవహర్‌నగర్ వైపు ఒక రేకుల గది కిరాయికి తీసుకుని పోయాడు. ఊతకర్ర, ట్రంకు పెట్టె, చిన్న తొట్టి ఒకటి, అందులో పెద్దమనిషి. పెద్ద తొట్టి ఇక్కడే వదిలేశాడు. మీ నాయిన బండికి అడ్డం నిలబడి, "చిన్నాయినా, నేనేం తప్పు జేసిన చెప్పు" అన్నాడు. "నువ్వేం జెయ్యలేదు బిడ్డా. నువ్వు జెయ్యకముందే పోతున్న" అన్నాడు ఆయన. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు, ఏమైనా చెప్తానేమోనని.

ఒకసారి చెప్దామనే పోయాను. పోయిన చలికాలం. సర్వపిండి చేసి, గిన్నెలో పెట్టుకుని, మీ అమ్మకు గుడికి పోతున్నానని చెప్పి, బస్సెక్కి దిగి, ఆటో ఎక్కాను. గాలి మళ్ళినప్పుడల్లా, పట్నం చెత్తంతా తెచ్చి పోసే కుప్ప కంపు ఆ గదిలోకి కొట్టేది. కిటికీకి గోనెపట్టా కట్టుకున్నాడు. మంచం మీద కూర్చుని ఒక్క రొయ్య ఒలుస్తున్నాడు. పక్కన తొట్టిలో పాము, ఇంకేమీ లేదు, ఒక్క చేప కూడా లేదు.

"రా వదినె, కూసో. గీ వాసనకు రెండు నిమిషాలు ఓర్సుకుంటె ముక్కు చచ్చిపోతది, ఎనక పరేషాన్ ఉండదు."

"నీకొకటి చెప్పాలె" అన్నాను.

"నేను గూడ చెప్పాలె. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పు. కాదు, నేనే ముందుగల చెప్త, మళ్ళ నోరు రాదు." రొయ్యను పళ్ళెంలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "నాకు ఇయ్యాల ఎవ్వల మీద నమ్మకం లేదు వదినె. నీ కొడుకు మీద లేదు, నా మీద నాకే లేదు. పడుకుంటె గదే మెదుల్తది. అప్పుడు నిన్ను యాది జేస్కుంట. ఇంట్ల మాల పెట్టుకోని, పిల్ల పానం మీది మొక్కు పెట్టుకోని, నా మాటకు నా పాముకు మేత ఏసినవ్. గంత జేసే మనిషి ఒక్కరున్నరు గదా అనుకుంట. గప్పుడు నిద్ర పడ్తది."

నేను గిన్నె మూత పట్టుకుని కూర్చున్నాను. చెప్తే ఆయన మాట ఆయనకు దక్కుతుంది, నా కొడుకు ఆయనకు దక్కుతాడు. ఆయన నమ్మకంలోంచి నేను ఒక్కదాన్ని పోతాను. పోతే ఏమయ్యేది? నేను పోయినంత మాత్రాన ఆయన బతకలేడా? ఆ లెక్క అప్పుడు తెగలేదు నాకు.

"నువ్వేందో చెప్పాలంటివి" అన్నాడు.

"సర్వపిండి చల్లారిపోతుంది, తిను అంటున్నా."

తిన్నాడు. "ఉప్పు సరిపోయింది" అన్నాడు, కన్ను మూయకుండానే.

ఎండాకాలంలో పోయాడు. ఆ గది ఓనరు మధ్యాహ్నం ఫోను చేశాడు, తలుపు తీయడం లేదని. మీ నాయిన గొళ్ళెం విరగ్గొట్టాడు. మంచం మీదే ఉన్నాడు, ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. మీ నాయినే కొరివి పెట్టాడు. పామును తొట్లు అమ్మే షాపు వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అది ఆ పొద్దున కూడా మేత తిన్నట్టుంది, పొట్ట గుండ్రంగా ఉంది. నేను అది చూశాను. మీ నాయిన చూడలేదు.

ఇగ ఇక్కడ జాగ్రత్తగా రాయి. కడుపు నిండిన పాము మూడేళ్ళు ఒక్క చేపను ముట్టలేదు. మీ చిన్నతాత చెప్పింది ఉత్తది కాదు. ఆకలికి తిన్నది అది. ఆకలి పెట్టింది నేను. మీ నాయిన ఆయన వాటాలో ఒక్క గజం అడగలేదు. రాశావా? ఏడవకు, అక్షరాలు తడిసిపోతాయి. మీ నాయినకు ఈ ముక్క ఇంతవరకు తెలియదు. ఇంట్లో ఏ మంచి కూర వండినా వాడు ముద్ద చేతిలో పట్టుకుని అదే అడుగుతాడు, "అమ్మా, చిన్నాయిన ఎందుకు పోయిండే? నేనేం జేసిన?" అని. చెప్తే, నీ కోసం వాడు మొక్కిన మొక్కే ఆయన్ని ఇంట్లోంచి పంపిందని వాడు అనుకుంటాడు. చెప్పకపోతే, తనలోనే ఏదో తప్పుందని అనుకుంటాడు. అందుకని నేను రోజూ, "మొండోడు బిడ్డా, వాని గుణమే అంత" అంటాను. చచ్చినవాడి మీద పెడతాను. వాడు సరే అని తల ఊపి, ఆ ముద్ద నోట్లో...

"అత్తమ్మా, అన్నం పెట్టిన, రా. ఆయన నీ కోసమే ఆగిండు. చేపల పులుసు సల్లారుతాంది."

వస్తున్నానమ్మా. లే బిడ్డా, కళ్ళు తుడుచుకో, నోటుబుక్కు మూసెయ్యి. మీ నాయిన ఇవాళ కూడా అదే అడుగుతాడు చూడు, అడిగితే నేను ఇవాళ...